ఒంటె మేసిన రెండో రింగు

ఒక బరువు మోస్తున్నాను. ఏళ్ళు గడిచాయి. దింపుకోవడానికి చోటు దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా? వెతకలేదనే చెప్పాలి.

నన్ను చూసినవాళ్ళెవరూ ఈ మనిషి లోపల ఇలాంటిదొకటి ఉందని అనుకోరు. పలమనేరులో బస్సులు ఆగే చోట నా అంగడి. అక్కడ నిలబడ్డ ప్రతివాడికీ ఏదో ఒక కథ చెప్పి, నవ్వించి, బస్సెక్కిస్తాను. మొగిలి ఘాటులో చిరుతపులి చెయ్యెత్తి బస్సాపి చిత్తూరుకు అర టికెట్టు అడిగిందని చెప్పినవాణ్ణి నేనే. కండక్టరు కుదరదంటే, ఆ పులి తన వయసుకు రుజువుగా పాలపళ్ళు చూపించిందని కూడా చెప్పాను. ఎవరూ నమ్మరు. అయినా ఆగి వింటారు. అలాంటివాడు 'ఒక నిజం చెబుతాను' అంటే మీకు నవ్వొస్తుంది. రానివ్వండి. మీరు నా ఎదురుగా లేరు, అదీ మంచిదే. ఎదురుగా ఉంటే మీ ముఖం చూస్తూ, మీరు ఎక్కడ నవ్వితే అటువైపు కథను తిప్పేస్తాను. ఇది తిప్పకూడనిది.

ఇందులో ఒక ఒంటె వస్తుంది. అబద్ధం ఆ ఒంటె ఒక్కటే. మిగిలిందంతా జరిగింది.

సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులు. నాది పసుపు బోర్డు పెట్టిన ఎస్టీడీ, ఐఎస్డీ బూత్. అద్దాల గది, అందులో ఒక స్టూలు, తిరిగీ తిరగని చిన్న ఫ్యాను, ఎర్ర అంకెలతో పరిగెత్తే మీటరు. చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కు పనికి పోయినవాళ్ళ ఇంటివాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఫోను పట్టుకున్నవాళ్ళ ధ్యాస మాట మీద ఉండేది కాదు, మీటరు మీదే. 'బాగుండావా' అనేలోపు ఒక అంకె, 'ఆఁ, బాగుండా' అనేలోపు ఇంకో అంకె. కొందరు మాటలు మరిచిపోయి ఏడ్చేవాళ్ళు. ఏడుపుకూ మీటరు తిరిగేది. అది చూస్తే నాకు మనసు చివుక్కుమనేది. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే చెబుతున్నానేమో కూడా. నాలో ఉన్న కాస్త మంచితనం మీకు ముందే చూపించి, తర్వాత చెప్పబోయేదాన్ని తేలిక చేసుకోవాలన్న ఆశ నాకుంది. గమనించుకోండి.

అందుకే అందరికీ పొదుపు నేర్పాను. ముందు అసలు మాట, తర్వాత కుశలం. ఏం చెప్పాలో ఇంటి దగ్గరే ఒకసారి పైకి అనుకుని రండి. పిల్లల చెవికి ఫోను పెట్టి 'మాట్లాడు, మాట్లాడు' అని బతిమాలకండి, వాళ్ళు మాట్లాడరు, మీరు పెట్టేశాక మాట్లాడతారు. అన్నిటికంటే పెద్ద పొదుపు, అవసరం లేకపోతే అసలు మాట్లాడకండి. రింగు చాలు.

ఆ రింగుల పద్ధతి మా ఊరికి నేర్పింది నేనే. అక్కడివాళ్ళు నా అంగడి నంబరుకు కొడతారు. ఒకసారి మోగి ఆగిపోతే 'క్షేమం'. ఒకసారి మోగి ఆగి, వెంటనే మళ్ళీ మోగి ఆగితే 'నీతో మాట్లాడాలి, నువ్వు చెయ్యి'. ఎవరూ ఎత్తరు కాబట్టి ఎవరికీ ఖర్చు లేదు. ఒక్కో ఇంటికి ఒక్కో వేళ. ఆ వేళలో ఫోను మోగితే అంగడిలో ఉన్నవాళ్ళంతా చేతులు వెనక్కి కట్టుకునేవాళ్ళు, పొరపాటున కూడా ఎత్తకుండా. విని, లెక్క చెప్పే బాధ్యత నాది.

సాయంత్రం పాలవేళ మునిరత్నానిది.

మునిరత్నం ఆవుల మీద బతికే మనిషి. పాల కేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాను సైకిలుకు తగిలించుకుని, కూతురు రేవతిని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. భార్య వళ్ళెమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి పోయింది. రెండేళ్ళ ఒప్పందం. ఆమె పోయేనాటికి బిడ్డకు మాటలు సరిగ్గా రాలేదు. ఆ ఇంటి యజమానురాలు బయటి నుంచి వచ్చే ఫోను ఎత్తుకోనిచ్చేది, తనుగా చెయ్యనిచ్చేది కాదు. వాళ్ళు మధ్యాహ్నం భోంచేసి పడుకునే వేళ, అంటే ఇక్కడ మనకు పొద్దు వాలే వేళ, వళ్ళెమ్మ ఆ ఇంటి ఫోను నుంచి ఒక రింగు కొట్టేది.

ఒకటి. అంతే. ఆ ఒక్క రింగుకు మునిరత్నం ముఖం ఎలా విప్పారేదో చెబితే అది కూడా నా కథల్లో ఒకటి అనుకుంటారు. "బాగుండాది" అని తనలో తను అనుకుని, రేవతి జడ ఒకసారి సరిచేసేవాడు. ఆ జడ సంగతి చెప్పాలి. ఆవుకు పలుపు పేనినట్టు పేనేవాడు బిడ్డ జుట్టును. బిగుతుగా, ఒక పక్కకు వాలి, చివర గోనెదారంతో ముడి.

"ఏందప్పా, బిడ్డను యాడైనా గుంజకు కట్టెయ్యాలనా?" అని ఏడిపించేవాణ్ణి.

"వాళ్ళమ్మ వచ్చేదాకా జారకుండా ఉంటే సాలన్నా" అనేవాడు.

ఆ మనిషంటే నాకు ఇష్టం. ఆ ముగ్గురన్నా ఇష్టమే. అందుకే ఇది బరువైంది. ఇష్టం లేనివాళ్ళకు చేసిన తప్పులు నావి చాలానే ఉన్నాయి. అవి నా నిద్ర చెడగొట్టవు.

ఒప్పందం ముగిసే నెల వచ్చింది. ఇంకో రెండేళ్ళు ఉంటావా, ఇంటికి పోతావా అని యజమానురాలు అడిగే నెల. మునిరత్నం రోజూ రెండో రింగు కోసం చెవులు నిక్కించుకుని కూర్చునేవాడు.

"ఆయమ్మ అడిగిన దినమే వళ్ళెమ్మ రెండు కొడతాదన్నా. నేను ఫోన్ జేసి, వచ్చెయ్ అని ఒక్క మాట అనేస్తా. ఒక్క మాటకు ఎంతవుతాది?"

"ఒక్క మాటకైతే నేనే పెట్టుకుంటాలే, పో" అన్నాను.

అన్నానా? అన్నాను. ఆ మాట ఇంత బాగా గుర్తుండకపోతే నాకు ఇంకాస్త సుఖంగా ఉండేది.

ఆ రోజు మునిరత్నం వేళకు రాలేదు. ఇంట్లో ఆవు ఈనుతోంది. అంగడి ముందు బెంగళూరు బస్సు కోసం ఊరుగాని ఊరి జనం ఒక గుంపు నిలబడి ఉన్నారు. చలి మొదలైంది. నేను మంచి ఊపులో ఉన్నాను. పుత్తూరు కట్టు కథ చెబుతున్నాను. దుబాయిలో చెయ్యి విరగ్గొట్టుకున్న ఒకాయన పుత్తూరుకు ఫోను చేశాడని, ఇక్కడ కట్టు కట్టే పెద్దమనిషి ఆ రిసీవరుకే ఆకుపసరు పూసి, గుడ్డుసొన రాసి, వెదురుదబ్బలు పెట్టి, గుడ్డ చుట్టాడని, దుబాయిలో చెయ్యి అతుక్కుందని, ఇక్కడ రిసీవరును మాత్రం కట్టు విప్పేదాకా ఎవరూ ఎత్తకూడదని పత్యం పెట్టాడని. నవ్వు అప్పుడే మొదలవుతోంది.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. ఒకసారి. ఆగింది. జనం దానివంక చూశారు. మళ్ళీ మోగింది. ఆగింది.

నేనేం చేశానో తెలుసా? చెయ్యెత్తి, "అదిగో, దుబాయి ఆయనే! రెండో చెయ్యి గూడా ఇరిగిందంట!" అన్నాను.

ఎంత నవ్వారని! ఒక ముసలాయన తన సంచి మీదే కూలబడి నవ్వాడు. అంత నవ్వు నా అంగడి ముందు అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు.

నాకు నేను చెప్పుకుందామని ఎన్నోసార్లు చూసిన సాకు ఒకటుంది, ఆ గోలలో రెండో రింగు వినబడలేదని. అది నిలవదు. వినబడటమే కాదు, దాన్ని తీసి నా కథలో పెట్టుకున్నాను. దాని మీదే నవ్వు పుట్టించాను.

నవ్వులు ఆగకముందే మునిరత్నం వచ్చాడు. ఆయాసపడుతున్నాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది, చేతులకు ఆవుకు పురుడు పోసిన తడి ఇంకా ఉంది. సైకిలుకు స్టాండు కూడా వెయ్యలేదు.

"అన్నా, మోగినాదా?"

"మోగినాదప్పా."

"ఎన్ని?"

ఇక్కడ నేను ఆగాలి. అప్పుడు ఆగలేదు కాబట్టి ఇప్పుడైనా.

రెండు అంటే ఏమవుతుంది? నేను కుర్చీలోంచి లేవాలి. విదేశీ లైనుకు వేసిన తాళం తియ్యాలి. కలిసేదాకా నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కుతూ నిలబడాలి. ఈలోపు బస్సు వచ్చేస్తుంది. రిసీవరుకు కట్టు విప్పిన రోజు ఏం జరిగిందో ఇంకా చెప్పలేదు, వీళ్ళు అది వినకుండానే వెళ్ళిపోతారు. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎంతో వెతికాను. పగ ఉండి ఉంటే పగ అని చెప్పుకునేవాణ్ణి. అసూయ ఉండి ఉంటే అదన్నా చెప్పుకునేవాణ్ణి. ఏమీ లేదు. ఒక కథకు చివరి ముక్క మిగిలిపోయింది. దాని కోసం.

"ఒకటేనప్పా."

"ఒకటేనా? బాగా విన్నావా అన్నా?"

"నా సెవుల మీద అనుమానమా నీకు? ఒకటే. పో, పోయి దూడను సూసుకో. ఇంతకీ పెయ్యా, కోడెనా?"

"పెయ్యేనన్నా" అని నవ్వాడు. "అట్లయితే ఆయమ్మ ఇంకా అడగలేదేమోలే."

వెళ్ళిపోయాడు. కథ ముగించాను. బాగానే ముగించాను. బస్సు వచ్చింది, జనం ఎక్కారు. అంగడి ఖాళీ అయ్యాక ఫోను వంక చూడబుద్ధి కాలేదు. మునిరత్నం ఇల్లు ఎంత దూరం? వీధి చివర మలుపు తిరిగితే చాలు. వళ్ళెమ్మ ఇంకా ఆ ఫోను పక్కనే ఉండి ఉంటుంది కదా? రేపు మళ్ళీ రెండు కొడుతుందిలే అనుకున్నాను. అవసరమైనదాన్ని మనిషి ఒకసారి అడిగి ఊరుకుంటుందా?

ఊరుకుంది. మర్నాడు ఒకటే మోగింది. ఆ తర్వాతా ఒకటే.

నెలాఖరున మునిరత్నం మామూలుగా చేసుకునే ఫోనుకు వచ్చాడు. మా అద్దాల తలుపు సరిగ్గా పడదు, లోపలి మాట బయటికి వినబడుతుంది. పడినా చెవి పెట్టేవాణ్ణే, ఆ గుణం నాకుంది.

"ఇంకో రెండేండ్లకు ఏలుముద్ర ఏసేసినావా?" అన్నాడు లోపల.

మీటరు తిరుగుతోంది. అతను దానివంక చూడటం లేదు. నా బూత్‌లో మీటరు వంక చూడకుండా ఫోను పట్టుకున్న మనిషిని అప్పుడే చూశాను.

"సరేలే. నీ ఇష్టం. మంచిదే కదా" అన్నాడు చివరికి.

అతని మనసులో ఏముందో ముఖం మీదే ఉంది. 'నన్ను ఒక మాట కూడా అడగకుండా ఉండిపోయింది' అని. అవతల ఆమె మనసులో ఏముందో నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ ఇద్దరికీ తెలియని ఒకే ఒక్క సంగతి తెలిసినవాణ్ణి అద్దం ఇవతల నిలబడి ఉన్నాను. అప్పుడైనా తలుపు తోసి, 'అప్పా, ఆ దినం రెండు మోగినాయి' అని ఉంటే? వేలిముద్ర వెనక్కి రాకపోవచ్చు. కానీ ఒకరి మీద ఒకరికి ఆ ముల్లు గుచ్చుకునేది కాదు. నేను అసలు తప్పు చేసింది ఏ రోజు? ఒకటి అని చెప్పిన రోజా, తలుపు తోయని రోజా? మొదటిది నోటిదురుసు అనుకోవచ్చు. రెండోదానికి నేను బాగా ఆలోచించుకున్నాను. ఆలోచించే ఊరుకున్నాను.

బయటికి వచ్చి డబ్బులు తీస్తే సగమే తీసుకున్నాను. ఏందన్నా ఇంత తక్కువ అంటే, "మీటరుకు ఈ పొద్దు జరమప్పా, సరిగా పరిగెత్తలే" అన్నాను. ఆ ముఖంతోనే నవ్వాడు. నన్ను మంచివాడనుకుని పోయాడు.

ఇంకో రెండేళ్ళకు వచ్చింది వళ్ళెమ్మ. బస్సు దిగి ముందు నా అంగడిలోకే వచ్చింది, మునిరత్నం, రేవతి అక్కడే కాచుకుని ఉన్నారు. పెట్టె కింద పెట్టి, బిడ్డ జడ చూసి, నవ్వుతూ ఏడ్చి, ఏడుస్తూ నవ్వి, ఆ బెంచీ మీదే కూర్చుని సంచిలోంచి దువ్వెన తీసింది. రేవతి జడను గుప్పిట్లో పట్టుకుని వాళ్ళ నాయన వెనక్కి పోయి నిలబడింది.

"వద్దు. నాయనే అల్లాల."

అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను, అందరికంటే గట్టిగా. వళ్ళెమ్మ దువ్వెనను నెమ్మదిగా మళ్ళీ సంచిలో పెట్టుకోవడం చూశాను. చూస్తూ కూడా నవ్వుతూనే ఉన్నాను. ఆపితే ఏమవుతుందో తెలియక.

కాలం తిరిగింది. అద్దాల గది పీకేసి సెల్‌ఫోన్ల అంగడి చేశాను. జనానికి మళ్ళీ నేనే పాఠాలు. ఫోను చేతిలో ఉంది కదా అని ఊరికే నొక్కకండి, వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తాలని లేదు, ఊరు దాటితే వచ్చే ఫోనుకు కూడా డబ్బులు పోతాయి, చూసుకోండి. మిస్డ్ కాల్ అనే మాట ఊళ్ళో అందరికీ వచ్చేసింది. మునిరత్నం ఇంట్లో కూడా ఆయనకొకటి, ఆమెకొకటి. అన్నం ఉడికితే వళ్ళెమ్మ ఒక రింగు కొట్టేది, పశువుల కొట్టంలో ఉన్న మనిషి చేతులు కడుక్కునేవాడు. రెండు రింగులు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ కొట్టేవాళ్ళు కాదు. నేను గమనించాను. నేను గమనించక ఇంకెవరు గమనిస్తారు?

ఒక మధ్యాహ్నం వళ్ళెమ్మ ఒక్కతే వచ్చింది, రీచార్జ్ కార్డు కోసం. కార్డు మీది పొడి గోటితో గీకుతూ, తల ఎత్తకుండానే అంది.

"అన్నా, ఆ ఒప్పందం అయిపోయే నెలలో ఒకనాడు నేను రెండు కొట్టినా. వాళ్ళు నిద్ర లేసేదాకా ఫోను పక్కనే కూసోని ఉండినా. ఈయన జెయ్యలే. ఆ నెలలో రెండు ఎందుకు కొడతానో ఈయనకు తెలీదా? ఇంకా రెండేండ్ల డబ్బు వస్తాదని ఊరుకుండినాడేమో అనుకోని ఏలుముద్ర ఏసినా. ఇన్నేండ్లూ అడగలే. అడిగితే ఏం సెప్తాడో అని బయ్యం."

ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా పెట్టలేడు. ఆమె నన్ను అనుమానించడం కూడా లేదు, ఊరికే తన మనసు చెప్పుకుంటోంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను. అందులోంచి ఏమొచ్చిందో వినండి.

"అమ్మా, కువైట్ నించి ఫోను తీగ యాడ వస్తా ఉండాది అనుకుంటివి? ఎడారిలో. ఆడ ఒంటెలు ఉంటాయి కదా. మొదటి రింగు పోతానే తీగ ఎచ్చబడి కమ్మని వాసన వస్తాదంట. రెండోది వచ్చేలోపల ఒక ఒంటె మెడ సాచి మేసేస్తాది. ఇట్లా ఎందరి రింగులు దాని కడుపులోకి పోయినాయో నన్నడుగు."

ఆమె నన్ను తేరిపార చూసింది.

"మేసేసినాదా?"

"తీరిగ్గా పండుకోని నెమరు గూడా ఏసినాది."

నవ్వింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. నవ్వు సగంలో ఆపి, ఉన్నట్టుండి అడిగింది.

"తమాషా కాదన్నా. ఈడికి ఒకటే వచ్చినాది, అంతే కదా?"

"ఒకటేనమ్మా" అన్నాను.

అదే మాట. రెండోసారి.

"అట్లయితే ఆయన తప్పేం లేదు" అంది వళ్ళెమ్మ. కార్డు సంగతి మరిచిపోయి, దాన్ని బల్ల మీదే వదిలేసి ఇంటికి పోయింది.

సాయంత్రం మునిరత్నం వచ్చాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ ఒంటెను నాకు ఒక్కసారి సూపించన్నా, మూతి పగలగొడతా" అని నవ్వుతున్నాడు, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. "నేను గూడా ఏమేమో అనుకుంటినన్నా వళ్ళెమ్మ మీద. పాపిష్టోణ్ణి."

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో మళ్ళీ రెండు రింగులు మోగుతున్నాయి. మా వీధిలో అదొక మాట అయిపోయింది. మిస్డ్ కాల్ ఇస్తే అవతలివాళ్ళు పలకకపోతే 'ఒంటె మేసింటాదిలే' అంటారు. ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలియని పిల్లలు కూడా అంటారు.

ఇప్పుడు మీరు అనవచ్చు, పోనీలే, నీ అబద్ధం వల్లే వాళ్ళిద్దరూ కలిశారు కదా అని. నేనూ అలాగే అనుకుని చూశాను. కానీ అది కలిపింది నా మొదటి అబద్ధం విరిచినదాన్నే. అది కూడా నిజంతో కాదు, ఇంకో కట్టు కట్టి. ఎముక అతికిందా, లోపల వంకరగానే ఉందా? నాకు తెలియదు. ఇప్పుడు విప్పి చూస్తే ఎవరికి మేలు? ఈ ప్రశ్న కూడా నాకు అనుకూలంగా ఉన్నదే, అందుకే దీన్నీ నమ్మను. వాళ్ళ ముందు నోరు తెరిస్తే మళ్ళీ ఏ జంతువు బయటికి వస్తుందో అని భయం.

వాళ్ళ ఆవు ఈనినప్పుడల్లా మొదటి జున్ను నాకే వస్తుంది. రేవతి తెచ్చి ఇస్తుంది. పెద్దదైపోయింది, జడ తనే అల్లుకుంటుంది, అది ఇప్పటికీ కాస్త ఒక పక్కకే వాలుతుంది. "అమ్మ పంపించినాది, సల్లారకముందే తినాలంట మామా" అంటుంది. తింటాను. గొంతులో అడ్డం పడుతుందని రాస్తే బాగుండేది. పడదు. ఎంతో రుచిగా ఉంటుంది. గిన్నె కడిగి ఇచ్చేస్తాను.

మునిరత్నం ఇప్పటికీ అడుగుతుంటాడు, ఆ ఒంటెను ఎప్పుడు చూపిస్తావన్నా అని. ఎదురుగా నిలబడే అడుగుతాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు పాపం.

అతనికి చెప్పలేదు. మీకు చెప్పాను. దీంతో ఆ బిడ్డ జడ రెండేళ్ళు వెనక్కి పోయి వాళ్ళమ్మ చేతికి రాదు, నాకు తెలుసు. మీరు నన్ను ఏమీ అనవద్దు, మంచి మాట కూడా. చేతులు ఆవు తడితో, ఆయాసపడుతూ ఒక మనిషి అడిగిన ప్రశ్న ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దానికి జవాబు ఒక్కసారి సరిగ్గా చెప్పనివ్వండి, చాలు.

రెండప్పా. ఆ దినం రెండు మోగినాయి.